సీలు వేసిన గదిలో పెరిగిన సొత్తు

సీలు వేసిన గదిలో రాత్రికి రాత్రి సొత్తు పెరిగింది.

తగ్గి ఉంటే సువర్చల అంత భయపడేది కాదు. ప్రభుత్వ గదుల్లో సొత్తు తగ్గడం కొత్త కాదు. పట్టుబడిన గంజాయిని ఎలుకలు తింటాయి, సారా ఆవిరైపోతుంది, ఇసుక గాలికి కొట్టుకుపోతుంది. వీటన్నిటికీ అచ్చువేసిన సంజాయిషీలు ఎప్పటినుంచో ఉన్నాయి, తేదీ నింపి సంతకం పెడితే చాలు. పెరిగితే ఏం రాయాలో మాత్రం ఏ కాగితంలోనూ లేదు. ఏ ఎలుకా ఇంతవరకూ ఏదీ తెచ్చిపెట్టిన దాఖలా లేదు.

మేడిశెట్టి సువర్చల కాకినాడ ధూమ నియంత్రణ శాఖ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు, ప్రాపర్టీ గదికి కస్టోడియన్. ఆ గదికి తాళంచెవి ఒక్కటే. అది ఆమె మెడలో నల్లపూసల గొలుసుకు వేలాడుతూ ఉంటుంది. స్నానానికి వెళ్ళినా తీయదు. అలాంటిది, పొద్దున్నే సీలు చూసుకుని, తాళం తీసి, లోపలికి వెళ్ళి లెక్కపెట్టుకుంటే, నిన్న లేని కాయిల్స్ ఇవాళ ఉన్నాయి.

కాయిల్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. చిటికెన వేలి గోరంత తీగచుట్టు. సిగరెట్టు బదులు బ్యాటరీ గొట్టం పీల్చే కుర్రాళ్ళకు ఆ గొట్టంలో ఇది ఉండాలి. మీట నొక్కితే తీగ ఎర్రగా కాలుతుంది, దాని పక్కనున్న ద్రవం ఆవిరవుతుంది, కుర్రవాడు నోట్లోంచి మేఘాలు వదులుతాడు. ఇది చట్టరీత్యా నిషిద్ధం. అమ్మినా నేరమే, తయారుచేసినా నేరమే. సువర్చలకు ముచ్చెమటలు పట్టింది అందుకే. తాళం వేసిన గదిలో కాయిల్స్ తయారవుతుంటే, తాళం పెట్టుకున్న మనిషిని తప్ప ఎవరిని అడుగుతారు?

అసలు కథ ఆర్నెల్ల కిందట మొదలైంది. శాఖ వాళ్ళు ఒక గడియారాల రిపేరు కొట్టు మీద పడి, ఒక అట్టపెట్టె పట్టుకున్నారు. పెట్టెలో చేత్తో చుట్టిన కాయిల్స్. పంచనామాలో 'కొన్ని తీగముక్కలు' అని రాసి కోర్టుకు పంపారు. తీగముక్కలు కలిగి ఉండటం ఏ చట్టం కింద నేరమో తెలియజేయండి అంటూ కోర్టు కాగితాలు తిప్పి పంపింది.

కొట్టు యజమానిని పిలిచి, వీటిని ఏమంటారో చెప్పమన్నారు. అతను చేతులు కట్టుకుని నిలబడి, తనకు తెలియదన్నాడు.

"చుట్టింది నువ్వే కదా, పేరు తెలీకుండానే చుట్టావా?" అని అడిగారు.

"పేరు తెలిసిందంటే నేరం తెలిసినట్టేనండి. నాకు గడియారాలే తెలుసునండి," అన్నాడతను. జామీను తీసుకుని వెళ్ళిపోయాడు.

దాంతో ఆఫీసులో చిక్కు వచ్చిపడింది. పేరు తెలియకపోతే కేసు లేదు. పేరు తెలిసిన వాడు దొరికితే వాడే ముద్దాయి. పేరు తెలుసుకుందామని కంప్యూటరులో వెతికిన జూనియర్ అసిస్టెంటుకు, నిషిద్ధ వస్తువు పట్ల ఆసక్తి కనబరిచినందుకు ఆ మధ్యాహ్నమే మెమో వచ్చింది. ఆ తర్వాత ఆఫీసులో ఎవరూ కాయిల్ అన్న మాట పైకి అనలేదు. 'అవి' అనేవారు.

చివరికి రాజధాని నుంచి సర్క్యులరు దిగింది. పట్టుబడిన ప్రతి వస్తువుకూ తెలుగులో పేరు ఉండవలెను, ప్రతి పేరుకూ ఒక వస్తువు నమూనాగా ఉండవలెను, పేరు లేని వస్తువు గానీ వస్తువు లేని పేరు గానీ శాఖ వద్ద ఉండరాదు. సర్క్యులరుతో బాటు ఇంగ్లీషు పేర్ల పట్టిక ఒకటి వచ్చింది. ఒక్కో పేరు కింద ఒక్కో వాక్యం వివరణ. బొమ్మలు మాత్రం లేవు. బొమ్మలు వేస్తే నిషిద్ధ వస్తువుకు ప్రచారం చేసినట్టు అవుతుందట.

జాయింట్ డైరెక్టరు ముదునూరి జగదీశ్వర వర్మ గారు ఆ సర్క్యులరును కళ్ళకద్దుకున్నారు. ఆయన శాఖలోకి వచ్చాక జరిగిన మొదటి పెద్ద పని ఇదే. ఆయనకు మామూలు మాట పొసగదు. అన్నం తిన్నారా అని అడిగితే, భోజన కార్యక్రమం సంతృప్తికరంగా ముగిసింది అంటారు. వెంటనే పారిభాషిక పదనిర్ణాయక సంఘం ఏర్పాటైంది. దానికి అధ్యక్షుడిగా ఓరుగంటి కామేశ్వర సోమయాజి గారిని పిలిపించారు.

సోమయాజి గారు డెబ్భై దాటిన పండితులు. ఏ శాఖకు తెలుగు మాటలు కావలసివచ్చినా ఆయన ఇంటికే కారు వెళ్తుంది. ఆయన చేసిన పదకోశాలు ప్రతి కలెక్టరేటు బీరువాలోనూ ఉన్నాయి. బీరువాల తాళాలు పోయి చాలాకాలమైంది. తెల్లటి పంచె, నస్యం డబ్బా, ముక్కు చివర కళ్ళద్దాలు. నస్యానికి పొగ రాదు గనక శాఖ అభ్యంతరం చెప్పలేదు. పట్టుబడిన సొత్తును ఆయన చేత్తో ముట్టుకునేవారు కాదు. చిమటాతో పట్టుకుని చూసి, చిమటా కింద పెట్టి, చెయ్యి కడుక్కునేవారు. "పాపిష్ఠి సొత్తమ్మా," అనేవారు సువర్చలతో, తువ్వాలు అందుకుంటూ.

సంఘం రోజూ పదకొండింటికి ప్రాపర్టీ గదిలోనే కూర్చునేది, సొత్తు గది దాటకూడదు గనక. వర్మ గారు హోమియోపతి మాత్రల చిన్న సీసాలు తెప్పించి, ఒక్కో రకం కాయిల్‌కు ఒక్కో సీసా కేటాయించారు. సీసా మీద పేరు చీటీ. సభ్యులు వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర అటెండరు చిట్టెయ్య జేబులు తడిమి పంపేవాడు. సాయంత్రం సువర్చల తాళం వేసి సీలు వేసేది. పొద్దున్న తాళం తీసి లెక్కపెట్టేది. రూలులో పొద్దున్న లెక్కపెట్టమనే ఉంది.

పేర్లు పెట్టడంలో మొదట్లో గొడవలు జరిగాయి. ఎవరో కాయిల్‌ను 'చుట్ట' అందామన్నారు. అలా అంటే జిల్లాలోని పెద్దవాళ్ళందరినీ అరెస్టు చేయవలసివస్తుందని వర్మ గారు అడ్డుపడ్డారు. మరొకరు జంతిక అన్నారు. తినే వస్తువు పేరు నేరానికి పెట్టకూడదని సోమయాజి గారు కోప్పడి, ఆ తర్వాత ఎవరినీ నోరు తెరవనివ్వలేదు. ఒంటి తీగను పెన్ను స్ప్రింగులా చుట్టింది ఏకతంత్రి. రెండు తీగలను నులకతాడులా పురిపెట్టి చుట్టింది రజ్జువలయం. లావు తీగ మీద వెంట్రుకంత సన్న తీగ చుట్టి, వీణ మంద్రం తీగలా తయారయ్యాక దాన్ని మళ్ళీ చుడతారే, పట్టికలో దానికి క్లాప్టన్ అని ఉంది. సోమయాజి గారు వేష్టితతంత్రి అన్నారు. లోపల రెండు లావు తీగలు పక్కపక్కన పెడితే ద్విగర్భ వేష్టిత. బద్ద తీగలను కాగితాల దొంతరలా పేర్చి, వాటి మీద సన్న తీగ చుట్టేది పట్టికలో స్టేపుల్. అది పత్రశ్రేణి అయింది.

అన్నిటికన్నా కష్టమైనది చివర్లో వచ్చింది. పట్టికలో దాని పేరు ఏలియన్. వివరణ చదివి సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సన్న తీగను లావు తీగ మీద చుట్టి, లావు తీగను లాగేయాలట. మిగిలిన డొల్ల స్ప్రింగును సాగదీసి, మూడు తీగలను పక్కపక్కన పెట్టి వాటి మీద మళ్ళీ చుట్టాలట. అప్పుడు పైన అలలు అలలుగా వస్తుందట. సోమయాజి గారు చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. తర్వాత మెల్లగా, "తరంగవేణి," అన్నారు. ఆ రోజు ఆయన చెయ్యి కడుక్కోవడం మరిచిపోయారు.

పేర్లు బాగానే ఉన్నాయి. చిక్కల్లా ఏమిటంటే, అట్టపెట్టెలో దొరికినవి నాలుగైదు రకాలే. పట్టికలో చాలా ఉన్నాయి. పత్రశ్రేణి, తరంగవేణి, మూడుపాయల జడ అల్లిక త్రివేణి, ఇంకా ఎన్నో సీసాలు పేరు చీటీలు అంటించుకుని ఖాళీగా కూర్చున్నాయి. వస్తువు లేని పేరు ఉండకూడదని సర్క్యులరు. రాసిన పేరు కొట్టేయడానికి సోమయాజి గారు ఒప్పుకోరు. ఇప్పుడు చూస్తే, ఆ ఖాళీ సీసాల్లో కొన్నిటిలో, తలుపులు వేసి ఉండగానే, పేరుకు తగ్గ కాయిల్ కూర్చుని ఉంది.

సువర్చల వెళ్ళి వర్మ గారికి చెప్పింది.

వర్మ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "సువర్చల గారూ, పెరుగుదల అనేది శాఖాపరంగా ప్రతికూలాంశం కాదు. అయితే అది అనుమతి పొందిన పెరుగుదలా, అనుమతి లేని పెరుగుదలా అన్నది నిగ్గు తేల్చవలసి ఉంది."

"నాకదంతా తెలీదండి. నేను తాళం వేసి వెళ్ళానండి, సీలు సీలులాగే ఉందండి, లోపల మాత్రం ఎక్కువున్నాయండి," అంది సువర్చల.

కాఫీ తెచ్చిన చిట్టెయ్య బల్ల మీద కప్పు పెడుతూ, "పిల్లల్ని పెట్టేసుంటాయండి, ఆయ్," అన్నాడు.

వాడు వేళాకోళానికే అన్నాడు. వర్మ గారు మాత్రం కలం తీశారు. జంట తీగలవీ ఒంటి తీగలవీ ఒకే అరలో ఉంచిన విషయం వాస్తవమేనా అని అడిగారు. వాస్తవమేనని సువర్చల ఒప్పుకుంది. సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది: తదుపరి ఆదేశాలు వెలువడే వరకు, ముందుజాగ్రత్త చర్యగా, ఏకతంత్రి రకములను ద్విగర్భ రకములతో కలిపి ఉంచరాదు. మధ్యలో అట్ట అడ్డం పెట్టించారు. పశువైద్య శాఖ అభిప్రాయం కోరుతూ ఒక లేఖ కూడా వెళ్ళింది. కాళ్ళున్న వాటి వరకే తమ పరిధి అని వాళ్ళు జవాబు రాశారు.

అట్ట అడ్డం పెట్టిన మర్నాడు ఇంకో రెండు పుట్టాయి.

ఇక వర్మ గారికి లోపల బెదురు మొదలైంది. మాట ఎక్కడికో పాకి, ధూమ నియంత్రణ శాఖ వారే కాయిల్స్ తయారుచేస్తున్నారన్న గుసగుస బయలుదేరింది. పైగా శుక్రవారం పదకోశం ఆవిష్కరణ. ముఖ్య కార్యదర్శి గారు వస్తారు. సీసాలన్నీ మెట్లు కట్టి, బొమ్మలకొలువులా ప్రదర్శించాలి. ఏ మెట్టు మీద ఏ సీసాలో ఉన్నది సర్కారు సొత్తో, ఎవరి సొత్తో తేలాలి. విజిలెన్సు నుంచి సి.ఐ. గుత్తుల ధనరాజును పిలిపించారు.

ధనరాజు లావుపాటి మనిషి, సూటి మనిషి. సోమవారం సాయంత్రం వచ్చి, గది చూసి, కిటికీ ఊచలు లాగి చూసి, రెండు రాత్రులు గుమ్మానికి అడ్డంగా మడతమంచం వేసుకుని పడుకున్నాడు. దోమలు తప్ప ఎవరూ రాలేదు. బుధవారం పొద్దున్న తాళం తీస్తే మరొకటి పెరిగింది. ఆయన సువర్చలను వరండాలోకి పిలిచాడు.

"చూడమ్మా, కిటికీలోంచి ఎవరూ రాలేదు. గుమ్మంలో నేనున్నాను. తాళం ఎవరి దగ్గరుంటాది?"

"నా దగ్గరేనండి."

"మరింకేం. మీ ఆయన ఏం చేస్తుంటాడు?"

"ఎలక్ట్రికల్ షాపులో పనండి," అంది సువర్చల. అన్నాక గానీ తను ఎక్కడ కాలు పెట్టిందో తెలియలేదు.

ధనరాజు ఆ మాట రాసుకున్నాడు. పెద్దగా కోపం చూపించలేదు. శుక్రవారం ఫంక్షను అయిపోయాక స్టేషనుకు రావలసి ఉంటుందనీ, వచ్చేటప్పుడు రెండు జతల బట్టలు తెచ్చుకుంటే మంచిదనీ, ఈలోపు ఎవరిదైనా పేరు గుర్తొస్తే చెప్పమనీ అన్నాడు. తయారీ కేసంటే ముందు సస్పెన్షను, తర్వాత జైలు.

సువర్చల గదిలోకి వెళ్ళి కూర్చుంది. ఏడుపు వచ్చింది గానీ, ఏడిస్తే సొత్తు తడుస్తుందని ఆపుకుంది. తర్వాత పంతం వచ్చింది. తను చుట్టలేదు. ఎవరో చుట్టారు. చుట్టిన చెయ్యి ఎలాంటిదో చూద్దామని భూతద్దం తీసుకుని సీసాలు ఒక్కొక్కటే ఒంచి చూసింది. కొట్టులో దొరికిన పాత కాయిల్స్ కొసలు కత్తిరించి వదిలేసి ఉన్నాయి. కొత్తవాటి కొసలు వదిలేసి లేవు. ప్రతిదానికీ చివర సన్న తీగను మెలిపెట్టి, లోపలికి దూర్చి, బిగించి, పొందిగ్గా ముడి వేసి ఉంది. ఆవగింజంత ముడి. ఒకదానిలా ఒకటి. కాయిల్ చుట్టే కుర్రాడు అలాంటి ముడి వెయ్యడు. ఆ ముడి లేకపోయినా కాయిల్ కాలుతుంది. ఎవడో ఆ ముడి వెయ్యకుండా తీగ వదలలేని మనిషి.

గురువారం జంధ్యాల పౌర్ణమి. ఆ ఉదయం సోమయాజి గారు చిన్న పళ్ళెంలో పసుపు రాసిన కొత్త జంధ్యాలు పెట్టుకుని ఆఫీసుకు వచ్చారు. ఏటా తను వడికినవే తను వేసుకుంటారు, తెలిసినవాళ్ళకు పంచుతారు. బజారులో మిల్లు దారంతో చేసినవి ఆయనకు పనికిరావు. ఎడమచేత్తో దూది పింజె పట్టుకుని, కుడిచేత్తో కదురు తిప్పి, సన్నటి పోగు తీసి, మూడు పోగులు పేని, మళ్ళీ మూడు పేటలు కలిపి పురిపెట్టి, చివర బ్రహ్మముడి వేయడం ఆయనకు తండ్రి నేర్పిన విద్య అట. వర్మ గారు క్షత్రియులు గనక ఆయనకూ ఒకటి తెచ్చారు. వర్మ గారు లేచి నిలబడి దాన్ని రెండు చేతులతో అందుకుని, ఈ యజ్ఞోపవీత వితరణ కార్యక్రమం శాఖా నైతిక స్థాయిని పెంపొందించగలదని ఆశాభావం వ్యక్తం చేశారు.

ఫైలు పట్టుకుని పక్కనే ఉన్న సువర్చల ఆ జంధ్యం వంక చూసింది. తర్వాత దాని ముడి వంక చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

మెలిపెట్టి, లోపలికి దూర్చి, బిగించిన ముడి. దారంలో పెద్దగా ఉంది, తీగలో చిన్నగా ఉంది. అంతే తేడా.

ఆమె మళ్ళీ గదిలోకి వెళ్ళి కూర్చుని, మొత్తం సంగతి మొదటినుంచి ఆలోచించుకుంది. రాత్రి ఎవరూ రాలేదు. రావలసిన అవసరమే లేదు. పొద్దున్న లెక్కపెట్టమని రూలు గనక పొద్దున్నే లెక్కపెట్టింది. పొద్దున్న ఎక్కువ కనబడితే రాత్రి పెరిగిందనుకుంది. సాయంత్రం ఒక్కనాడైనా లెక్కపెట్టి ఉంటే, అవి పగలే, సంఘం కూర్చుని ఉండగానే పెరిగాయని తెలిసేది. లోపలినుంచి బయటికి వెళ్ళేవాళ్ళను తడమమని రూలు. చిట్టెయ్య అందరి జేబులూ తడిమాడు. బయటినుంచి లోపలికి వచ్చేవాళ్ళను తడమమని ఎక్కడా లేదు. సర్కారు సొత్తు దొంగిలిస్తారనే శాఖ భయం. సర్కారుకు ఎవరైనా ఏదైనా తెచ్చి ఇస్తారని ఏ అధికారి ఊహకూ అందలేదు.

అలాగని ఎవరికి చెప్పగలదు? చిమటాతో తప్ప ముట్టుకోని పండితుడు. ముడి చూశానంటే ధనరాజు నవ్వుతాడు. వర్మ గారైతే యజ్ఞోపవీతాన్ని నిషిద్ధ వస్తువుతో పోల్చినందుకు మెమో ఇస్తారు. పైగా ఆ పెద్దాయన మీద సువర్చలకు కోపం రావడంలేదు. ఖాళీ సీసాల ముందు ఆయన నిలబడ్డ తీరు ఆమె చూసింది.

కాసేపటికి ఆమె లేచి వర్మ గారి గదికి వెళ్ళి, వినయంగా ఒక సందేహం అడిగింది. కొత్తగా వచ్చిన కాయిల్స్ ఎవరు చేసినవో తెలియదు. అనుమతి లేకుండా తయారైన వస్తువును ధ్వంసం చెయ్యాలని రూలు. అవి ధ్వంసమైతే ఆ సీసాలు ఖాళీ. వస్తువు లేని పేరు శాఖ దగ్గర ఉండకూడదు. అప్పుడు ఆ పేర్లను పదకోశంలోంచి తీసెయ్యాలి కదండీ?

వర్మ గారి మొహం విచ్చుకుంది. ఈ చిక్కుకు ఇంత శుభ్రమైన దారి ఉందని ఆయనకు తట్టలేదు. సొత్తు పోతే పెరుగుదలా పోతుంది, పెరుగుదల పోతే గుసగుసా పోతుంది. "సువర్చల గారూ, మీ మీద విచారణ యథాతథంగా కొనసాగుతుంది. అయినప్పటికీ, మీ తర్కాన్ని శాఖ స్వీకరిస్తున్నది," అన్నారు. ఆ పూటే స్వయంగా కూర్చుని ఉత్తర్వు రాశారు. దానికి నిర్నామీకరణ ఉత్తర్వు అని ఆయనే పేరు పెట్టుకున్నారు.

శుక్రవారం సమావేశ మందిరంలో మెట్లు కట్టి ఎర్రగుడ్డ పరిచి సీసాలు పేర్చారు. ముఖ్య కార్యదర్శి గారు వచ్చి, దీపం వెలిగించి, అగ్గిపుల్ల నుంచి వచ్చిన పొగకు అందరూ మొహం తిప్పుకున్నాక, ముందు వరసలో కూర్చున్నారు. కూర్చోబోయే ముందు ఒక్కో సీసా దగ్గరా వంగి చూసి, చాలా బాగున్నాయని, ఇవి ఎక్కడైనా కొనుక్కోవచ్చా అని అడిగారు. చివరి వరసలో సువర్చల బట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె పక్కనే ధనరాజు.

సోమయాజి గారికి శాలువా కప్పారు. తర్వాత వర్మ గారు మైకు దగ్గరకు వచ్చి ఉత్తర్వు చదవడం మొదలుపెట్టారు. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, జన్మస్థానము అజ్ఞాతమైన నమూనాలన్నియు ఈ సభాసమక్షమున ధ్వంసము చేయబడును. తత్ఫలితముగా పత్రశ్రేణి, త్రివేణి, తరంగవేణి మొదలగు పదములు నిర్నామీకరింపబడి, పదకోశమునుండి తొలగింపబడును. ఇకపై వాటిని ఎవ్వరునూ పలుకరాదు.

వేదిక కింద చిట్టెయ్య రోలు బోర్లించి, దాని మీద మొదటి సీసాలోని కాయిల్ పెట్టి సుత్తి ఎత్తాడు. ఆ సీసా మీద చీటీ అందరికీ కనబడుతోంది. తరంగవేణి.

సువర్చల సోమయాజి గారి వంకే చూసింది. ఆయన నోరు తెరవకపోతే తన సంగతి అంతే.

సోమయాజి గారు లేచారు. శాలువా జారి కింద పడింది. తీసుకోలేదు. వర్మ గారి చేతిలోంచి మైకు అందుకున్నారు.

"సుత్తి కింద పెట్టవయ్యా చిట్టెయ్యా. అవి నేను చుట్టినవి.

"ఆ అమ్మాయిని వదిలెయ్యండి. ఆమె చేతిలో తాళంచెవి ఉంటే నా చేతిలో కదురు ఉంది. మీరందరూ రాత్రిళ్ళు కాపలా కాశారు. నేను రోజూ పదకొండింటికి, మీ అందరి ఎదుటా, నస్యం డబ్బాలో పెట్టుకుని తెచ్చి, సీసాలు చూస్తున్నట్టు వంగి చిమటాతో వాటిలో జార్చాను. వెళ్ళేటప్పుడు చిట్టెయ్య డబ్బా మూత తీసి చూసేవాడు, ఖాళీగా ఉంటే దండం పెట్టి పంపేవాడు. తీగ ఎక్కడిదంటారా? బద్ద తీగ మా ఇస్త్రీపెట్టెలోది, సన్న తీగ మా మనవరాలు జుట్టు ఆరబెట్టుకునే మిషనులోది. నేను కొన్నాళ్ళుగా నలిగిన పంచెలతోనే వస్తున్నాను. విజిలెన్సు వారు కూడా గమనించలేదు.

"నలభై ఏళ్ళుగా మాటలు చేస్తున్నాను. నీటిపారుదల వారికి చేశాను, కోళ్ళ పెంపకం వారికి చేశాను, లిఫ్టులు బాగుచేసేవారికి కూడా చేశాను. శాలువాలు కప్పారు, పుస్తకాలు బీరువాలో పెట్టారు. నేను చేసిన మాట ఒక్కటంటే ఒక్కటి ఎవరి నోటా వినలేదు. మా ఆవిడే అనదు. ఈసారి 'తరంగవేణి' అన్నాక, ఇంటికి వెళ్ళినా అది నన్ను వదల్లేదు. ఖాళీ సీసా మీద ఆ చీటీ చూస్తే, బిడ్డ పుట్టకుండా బారసాల చేసినట్టనిపించింది. కదురు తీశాను. దూది బదులు తీగ పెట్టాను. మొదట చేతులు కోసుకుపోయాయి, రెండుసార్లు తెగింది. మూడోసారి లోపలి తీగ లాగేసి, డొల్లను సాగదీసి, మళ్ళీ చుట్టేసరికి, పైన అలలు లేచాయండీ. సన్నగా, వరసగా, అలలు. ఆ పూట మా ఆవిడ పిలిచినా భోజనానికి లేవలేదు. చివర ముడి వెయ్యకుండా వదలడం నాకు చేతకాదు, అది నా అలవాటు. ఆ అమ్మాయి నిన్న వర్మ గారి జంధ్యం వంక చూస్తున్నప్పుడే నాకు అర్థమైంది, దొరికిపోయానని. అయినా ఊరుకున్నాను. ఆ తప్పు కూడా రాసుకోండి.

"నేను వాటిని పీల్చలేదు, అమ్మలేదు. తయారుచేశాను. తయారీ నేరమని నాకు తెలుసు, ఆ సెక్షనును తెలుగు చేసింది నేనే. ధనరాజు గారూ, రండి, ఆ అమ్మాయి బట్టల సంచీ లాంటిది నా దగ్గర లేదు, ఇలాగే వస్తాను. ఒక్కటే మనవి. ఛార్జిషీటులో ఏలియన్ అని రాయకండి. తరంగవేణి అని రాయండి. కోర్టులో సొత్తు పైకెత్తి చూపించి, ఇదేమిటి అని అడుగుతారు కదా. అప్పుడు ఎవరో ఒకరు నిలబడి, 'తరంగవేణి అండీ' అని చెప్పి తీరాలి. ఆ ఒక్క మాట వినడానికి నేను ఎన్ని వాయిదాలకైనా వస్తాను."